మట్టి మోసిన చేతులకు దక్కని పేరు

కొన్నేళ్ల క్రితం ప్రవేశాల సమయంలో ధ్రువపత్రాల పరిశీలనకు కూర్చున్నాను. ఒక విద్యార్థిని దరఖాస్తులో తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది. మరచిపోయిందేమో అనుకుని, వెనక వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా తండ్రి పేరేమిటని అడిగాను. ఆమె తల వంచుకుని తల్లి పేరు మాత్రం చెప్పింది. జోగిని వ్యవస్థ గురించి ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న నాకు, ఆ వ్యవస్థ మిగిల్చిన గాయం ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు గుర్తుపట్టడం చేతకాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే, నూట నలభై ఏళ్ల నాటి కలకత్తాలో తన పేరు కోసం, ఆ తరువాత తన కూతురి చదువు కోసం పోరాడి రెండింటా ఓడిన ఒక నటి జీవితం పదే పదే గుర్తుకు వచ్చింది. ఆమె బినోదిని దాసి.

2024 డిసెంబరు చివర్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం కోల్‌కతాలోని ప్రసిద్ధ స్టార్ థియేటర్‌కు బినోదిని పేరు పెడుతున్నట్లు ప్రకటించింది. చాలామంది సంతోషించారు. నేనూ సంతోషించాను. కానీ ఆ పేరు అంతకాలం ఎందుకు ఆగింది, ఎవరు ఆపారు అన్న ప్రశ్నలను పక్కనబెట్టి వేడుక చేసుకుంటే అది మరో రకమైన మరపు అవుతుంది. అందుకే ఆమె కథను మొదటి నుంచి చెప్పుకోవాలి.

బినోదిని 1863 ప్రాంతంలో కలకత్తాలోని కార్న్‌వాలిస్ వీధిలో పుట్టింది. అమ్మమ్మ, అమ్మ, ఒక తమ్ముడు. ఇదే కుటుంబం. తండ్రి ప్రస్తావన లేని ఇల్లు. ఉన్న కొద్దిపాటి పెంకుటి గదులను పేదవారికి అద్దెకిచ్చి, ఆ వచ్చే చిల్లరతో పొట్ట పోసుకునేవారు. పూట గడవని ఆ దశలో అమ్మమ్మ ఒక ఉపాయం చేసింది. పసివాడైన మనవడికి, అంతకన్నా పసిదైన తల్లిలేని పిల్లతో పెళ్లి చేసింది. ఆ పిల్లతోపాటు వచ్చిన నాలుగు నగలు కొంతకాలం ఆ ఇంటి ఆకలిని ఆపాయి. కొద్దికాలానికే ఆ తమ్ముడు జబ్బుచేసి చనిపోయాడు. బినోదినికీ పసితనంలోనే పెళ్లయింది. ఆ పిల్లవాణ్ని అతని బంధువులు తీసుకెళ్లిపోయారు. అతను మళ్లీ రాలేదు. పెళ్లి అంటే ఏమిటో తెలిసే వయసు రాకముందే ఆమె వివాహ జీవితం ముగిసిపోయింది.

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్, కులం నిలబడేది స్త్రీని అదుపులో పెట్టడం మీదనేనని నిరూపించారు. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం అన్నవి విడివిడి దురాచారాలు కావని, కులాంతర్గత వివాహాన్ని కాపాడుకోవడానికి కులం తయారుచేసుకున్న పనిముట్లని వివరించారు. అయితే ఈ కట్టుబాటుకు ఒక మరుగు వాకిలి కూడా ఉంది. ఇంటి ఆడవాళ్లను గడప లోపల బంధించిన పురుషులు తమ విలాసం కోసం గడప బయట మరికొందరు ఆడవాళ్లను ఉంచుకున్నారు. లోపలివారు పవిత్రులు కావాలంటే బయటివారు పతితలు కావాలి. బినోదిని పుట్టింది ఈ రెండో వరుసలో. ఆమె పేరు చివరనున్న మాటే ఆ సంగతి చెబుతుంది. నాటి బెంగాల్‌లో బ్రాహ్మణ స్త్రీ పేరు పక్కన దేవి ఉండేది, శూద్ర స్త్రీ పేరు పక్కన దాసి ఉండేది. ఒకే భాషలో, ఒకే నగరంలో, పిలుపులోనే ఒకరు దేవత, ఒకరు సేవకురాలు.

వాళ్ల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని గంగా బాయి అనే గాయని ఉండేది. ఆమె దగ్గర బినోదిని పాట నేర్చుకుంది. ఆ పాట వినడానికి వచ్చే పెద్దమనుషుల్లో నాటకరంగంతో పరిచయం ఉన్నవారు ఈ పిల్లను చూశారు. 1874లో గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేర్చారు. జీతం నెలకు పది రూపాయలు. వయసు పదకొండో పన్నెండో. ఆ డిసెంబరులో ద్రౌపది చెలికత్తెగా మొదటిసారి రంగస్థలం ఎక్కింది. వెలుగుతున్న దీపాలు, తన మీదే నిలిచిన అన్ని కళ్లు చూసి ఒళ్లంతా చెమటలు పట్టి వణికిపోయినట్లు తరువాతి కాలంలో రాసుకుంది. ఆ చిన్న పాత్రలోనే ఆమె ప్రతిభను గుర్తించిన వారు, తరువాతి నాటకం 'హేమలత'లో ఏకంగా నాయిక వేషం ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అలాంటి ఇంటి పిల్లకు రంగస్థలం తలుపు ఎందుకు తెరుచుకుంది? దయతో కాదు, అవసరంతో. అంతకు ముందు ఆడ వేషాలు మగపిల్లలే వేసేవారు. 1873లో బెంగాల్ థియేటర్ మొదటిసారిగా నలుగురు స్త్రీలను నటులుగా తీసుకుంది. మైఖేల్ మధుసూదన్ దత్ ఆ నిర్ణయాన్ని గట్టిగా సమర్థించారు. వితంతు వివాహాల కోసం జీవితాన్ని ధారపోసిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దాన్ని వ్యతిరేకించి ఆ థియేటర్ సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. కులీన స్త్రీలు వేదిక ఎక్కరు, ఎక్కనివ్వరు. కాబట్టి ఎక్కగలిగింది వేశ్యావాటికల స్త్రీలే. మన సమాజానికి ఇది కొత్త పద్ధతి కాదు. చెప్పు కావాలి, కుట్టినవాడు వద్దు. డప్పు కావాలి, కొట్టినవాడు వద్దు. అలాగే నటన కావాలి, నటి వద్దు. 1881లో అదే కలకత్తాలో, జొరాసాంకోలోని ఠాగూర్ల భవంతిలో రవీంద్రనాథుడి 'వాల్మీకి ప్రతిభ' ప్రదర్శించారు. ఆ ఇంటి ఆడపిల్ల ప్రతిభా దేవి సరస్వతిగా నటించింది. ఆమె దేవిగానే ఉంది. అది సంస్కారంగా, సంస్కృతిగా చరిత్రకెక్కింది. కొన్ని వీధుల అవతల సీత వేషం, సతి వేషం వేసినా బినోదిని దాసిగానే మిగిలింది.

1875లో గ్రేట్ నేషనల్ బృందం ఢిల్లీ, లాహోర్, లక్నో నగరాలు తిరిగింది. లక్నోలో 'నీలదర్పణ్' ఆడుతుండగా, తెల్లదొర మీద రైతు తిరగబడే ఘట్టం వచ్చేసరికి ప్రేక్షకుల్లోని తెల్ల సైనికులు ఆగ్రహంతో వేదిక మీదికే ఎక్కారు. పన్నెండేళ్ల పిల్ల నాటకానికి ఉన్న బలమేమిటో, ప్రమాదమేమిటో ఒకే రాత్రిలో చూసింది. తిరిగి వచ్చాక బెంగాల్ థియేటర్‌లో చేరి బంకించంద్రుడి నవలల్లోని స్త్రీ పాత్రలకు ప్రాణం పోసింది. తరువాత నాటక రచయిత, నటుడు, దర్శకుడు గిరీశ్ చంద్ర ఘోష్ శిష్యురాలైంది. ఆయన పాత్ర మాటలను వల్లె వేయించి వదిలేయలేదు. షేక్‌స్పియర్‌ను, మిల్టన్‌ను కథలుగా చెప్పాడు. ఇంగ్లాండు నటి సారా సిడన్స్ ఎలా సాధన చేసేదో వివరించాడు. బడి చదువు అంతంతమాత్రంగానే అందిన ఆ పిల్లకు నాటకశాలే విశ్వవిద్యాలయం. మధుసూదన్ దత్ కావ్యం ఆధారంగా ఆడిన 'మేఘనాదవధ'లో ఆమె ఒక్కతే ఏడు పాత్రలు ధరించింది. ఇరవై ఏళ్లు నిండకముందే కలకత్తా రంగస్థలం మీద ఆమెకు సాటి లేదు.

గిరీశ్ ఘోష్‌ను ఈ కథలో ప్రతినాయకుణ్ని చేయడం సులభం. అది న్యాయం కాదు. ఆయన నిజంగా గురువే. అయితే గురువు మంచివాడైనంత మాత్రాన వ్యవస్థ మంచిది కాదు.

1880ల తొలినాళ్లలో నేషనల్ థియేటర్ ప్రతాప్‌చంద్ జౌహరి అనే వ్యాపారి చేతికి వెళ్లింది. అనారోగ్యం వల్ల సెలవు పొడిగించుకున్న బినోదినికి ఆయన జీతం ఇవ్వనన్నాడు. ఇతరులకూ ఆయనతో పేచీలున్నాయి. గిరీశ్ బృందం తనకంటూ ఒక థియేటర్ ఉండాలనుకుంది. డబ్బు లేదు. గుర్ముఖ్ రాయ్ అనే యువ మార్వాడీ ధనికుడు పెట్టుబడి పెడతానని ముందుకొచ్చాడు. ఒకే షరతు: బినోదిని తన ఉంపుడుకత్తె కావాలి. అప్పటికి ఆమె మరొక ధనికుడి ఆశ్రయంలో ఉంది. సహనటులు, గురువు అందరూ ఆమెను బతిమాలారు, ఒప్పించారు. కోపంతో రగిలిపోయిన పాత ఆశ్రయదాత కత్తి దూసి ఆమె మీదికి వచ్చాడు. ఆ వేటు పక్కనున్న హార్మోనియం మీద పడి ఆమె బతికింది. గుర్ముఖ్ రాయ్ మరో మాట కూడా అన్నాడు. థియేటర్ ఆలోచన మానుకుంటే యాభై వేల రూపాయలు ఆమె చేతికే ఇస్తానన్నాడు. పది రూపాయల జీతంతో మొదలైన మనిషికి యాభై వేలు అంటే ఏమిటో ఊహించండి. ఆమె కాదంది. తనకు డబ్బు కాదు, థియేటర్ కావాలంది.

ఈ నిర్ణయాన్ని త్యాగం అనడానికి నాకు మనసొప్పదు. త్యాగం అనగానే ఆమె శరీరాన్ని బేరం పెట్టినవారి పాత్ర కనుమరుగవుతుంది. అది ఒక కళాకారిణి పెట్టుబడి. అందరికన్నా పెద్ద పెట్టుబడి. ప్రతిఫలంగా సహచరులు ఆమెకు ఒక మాట ఇచ్చారు. కొత్త థియేటర్‌కు ఆమె పేరులోని మొదటి అక్షరంతో బి థియేటర్ అని పేరు పెడతామన్నారు. ఆ మాట నమ్మి ఆమె బీడన్ వీధిలో కట్టడం జరుగుతున్నప్పుడు గంపలతో మట్టి మోసింది. పని త్వరగా సాగాలని కూలీలతో పాటు తానూ కూలీ అయింది. నాటకశాల పూర్తయింది. రిజిస్ట్రేషన్ చేయించి వచ్చినవారు పేరు చెప్పారు. స్టార్. వేశ్య పేరున్న థియేటర్‌కు పెద్దమనుషులు రారన్నది వారి వాదన. ఆమె దేహంతో వచ్చిన డబ్బుకు మైల లేదు. ఆమె నటన చూడ్డానికి టికెట్ కొనడానికి మైల లేదు. ఆమె పేరుకు మాత్రం మైల ఉంది. అంటరానితనం ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది. శ్రమను తాకుతుంది, శ్రామికురాలిని తాకదు.

1883 జూలై 21న స్టార్ థియేటర్ 'దక్షయజ్ఞం'తో తెరుచుకుంది. పిలుపు లేని పుట్టింట అవమానం పొంది దేహత్యాగం చేసుకున్న సతిగా బినోదిని నటించింది. ఆ రాత్రి ఆ పాత్ర ఆమెకు ఎంత దగ్గరగా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కొద్దికాలానికే కుటుంబం ఒత్తిడితో గుర్ముఖ్ రాయ్ థియేటర్ వదులుకోవలసి వచ్చింది. బినోదినికి అందులో వాటా ఇవ్వాలన్నది అతని కోరిక. నటులకు యాజమాన్యపు తలనొప్పి ఎందుకని గిరీశ్ ఆమె తల్లికి నచ్చజెప్పాడు. చివరకు నాటకశాల పదకొండు వేల రూపాయలకు నలుగురు పురుషుల పేరు మీదికి మారింది. పేరూ దక్కలేదు, వాటా దక్కలేదు. మాట తప్పినందుకన్నా, తప్పినవారు రోజూ తనతో కలిసి తిరిగే మనుషులే కావడం ఆమెను ఎక్కువ బాధించింది.

అయినా ఆమె నటించింది. 1884 ఆగస్టులో 'చైతన్య లీల'లో చైతన్య మహాప్రభువు వేషం వేసింది. పతిత అనిపించుకున్న స్త్రీ, కులభేదం లేని భక్తిని బోధించిన పురుషుడిగా నిలబడింది. ఆ వేషం కోసం నిష్ఠగా గంగాస్నానం చేసి, భక్తితో సిద్ధమయ్యేది. ప్రదర్శనలో తన్మయత్వంతో స్పృహ తప్పిన రోజులున్నాయి. సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస స్వయంగా వచ్చి నాటకం చూసి ఆమెను ఆశీర్వదించారు. ఆ ఆశీర్వాదం తరువాత బెంగాలీ మధ్యతరగతికి నాటకశాల పవిత్ర స్థలమైంది. ఆ పవిత్రత థియేటర్‌కు వచ్చింది, మగ నటులకు వచ్చింది, గిరీశ్‌కు వచ్చింది. దాన్ని తెచ్చిపెట్టిన బినోదినికి సమాజంలో చోటు మాత్రం మారలేదు. మరుసటి ఏడాది రామకృష్ణులు జబ్బుతో ఉన్నప్పుడు ఆయన్ని చూడాలన్నా ఆమె తన రూపంలో వెళ్లలేకపోయింది. దొర దుస్తులు ధరించి, మగవేషంలో వెళ్లి దర్శించుకుంది. దేవుడి వేషం వేసే హక్కున్న స్త్రీకి, దేవుడిలా భావించిన మనిషి గదిలోకి సొంత ముఖంతో వెళ్లే హక్కు లేదు.

1887 ఆరంభం నాటికి ఆమె రంగస్థలం వదిలేసింది. అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు. పన్నెండేళ్లలో సుమారు ఎనభై నాటకాలు. ఆమె తరువాత యాభై ఏళ్లకు పైగా బతికింది కానీ మళ్లీ ఆ వేదిక ఎక్కలేదు. ఒక సంపన్నుడి ఆశ్రయంలో గృహిణిలాంటి జీవితం గడిపింది. కూతురు పుట్టింది. శకుంతల అని పేరు పెట్టుకుంది. తనకు దక్కని చదువు బిడ్డకు దక్కాలని బడిలో చేర్చడానికి ప్రయత్నించింది. పుట్టుక కారణంగా ఆ పిల్లకు బడి తలుపులు మూసేశారు. 1904లో ఆ బిడ్డ పదమూడేళ్ల ప్రాయంలో చనిపోయింది. బినోదిని జీవితంలో స్టార్ థియేటర్ మోసం గురించి నాటకాలు రాశారు, సినిమాలు తీశారు. బడి తలుపు మూసిన సంగతి గురించి అంతగా మాట్లాడరు. నా వృత్తిరీత్యా నాకు రెండోదే పెద్ద నేరంగా కనిపిస్తుంది. పేరు పెట్టకపోవడం గడిచిన శ్రమను దోచుకోవడం. బడిలో చేర్చుకోకపోవడం రాబోయే కాలాన్ని దోచుకోవడం.

1912లో ఆమె ఆత్మకథ 'అమార్ కథ' వచ్చింది. భారతీయ నటి రాసిన తొలి ఆత్మకథల్లో అదొకటి. దానికి ముందుమాట గురువు రాయాలని కోరుకుంది. గిరీశ్ రాసి ఇచ్చాడు. అందులో నిజాలన్నీ లేవని ఆమె నిరాకరించింది. మళ్లీ రాయమంది. ఆయన రాయకముందే ఆ ఏడాది ఫిబ్రవరిలో చనిపోయాడు. పేదరాలు, పతిత అని లోకం తేల్చిన స్త్రీ, బెంగాలీ నాటకరంగ పితామహుడు రాసిన ముందుమాటను నిజం తక్కువైందని వెనక్కి పంపింది. ఆమె జీవితమంతటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇది. చైతన్యుడి వేషం కన్నా, ఏడు పాత్రల కన్నా గొప్పది. ఆ ఆత్మకథలో ఆమె తనను తాను పాపిగా, అభాగ్యురాలిగా చెప్పుకుంటుంది. పైకి వినయంలా కనిపించే ఆ మాటల కిందనే, తనను అలా చేసిన మర్యాదస్థుల లెక్క తేల్చుతుంది. 1941లో ఆమె కన్నుమూసింది.

ఇది బెంగాల్ కథే అనుకుంటే పొరపాటు. 'అమార్ కథ'కు రెండేళ్ల ముందు, 1910లో, దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ మన తెలుగు కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి అచ్చువేయించింది. ముద్దుపళని తంజావూరు ఆస్థానానికి చెందిన గణిక. స్త్రీ విద్యకు, వితంతు వివాహాలకు ఆద్యుడైన కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని, దాన్ని రాసిన స్త్రీ పుట్టుకను ఈసడించారు. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు ప్రభుత్వ కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. కలకత్తాలో విద్యాసాగర్, రాజమండ్రిలో వీరేశలింగం. ఇద్దరూ మహానుభావులే. ఇద్దరి సంస్కరణ దృష్టి కులీన ఇంటి వితంతువు కన్నీటిని చూడగలిగింది గాని, గడప బయట నిలబడిన స్త్రీని కళాకారిణిగా చూడలేకపోయింది. మన తొలి తరం నటీమణుల్లో, గాయనుల్లో కళావంతుల ఇళ్ల నుంచి వచ్చినవారు ఎందరో. వారి పాట మనకు వారసత్వం. వారి పుట్టుక మాత్రం దాచుకోవలసిన రహస్యం. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ జోగిని చట్టం వచ్చాయి. చట్టం ఆచారాన్ని నేరం చేసింది. ఆ ఆచారంలో పుట్టిన పిల్లల పట్ల మన చూపును మార్చలేకపోయింది. జోగినులలో అత్యధికులు దళిత స్త్రీలేనన్న వాస్తవాన్ని ఆ చూపు నుంచి వేరు చేయలేం.

మళ్లీ ఆ థియేటర్ దగ్గరికి వద్దాం. ఇవాళ బినోదిని పేరు పెట్టిన భవనం, ఆమె మట్టి మోసిన భవనం కాదు. బీడన్ వీధి నాటకశాల చేతులు మారి, కాలక్రమంలో రోడ్డు విస్తరణలో కలిసిపోయింది. స్టార్ యజమానులు హాతీబాగాన్‌లో 1888లో కట్టుకున్న రెండో భవనమే ఇప్పటిది. అప్పటికే ఆమె నటన మానేసి ఏడాది దాటింది. అంటే ఆమె ఎన్నడూ నటించని వేదికకు, ఆమె చనిపోయిన ఎనభై మూడేళ్ల తరువాత ఆమె పేరు దక్కింది. ఆలస్యంగానైనా జరిగింది కాబట్టి స్వాగతించాలి. కానీ చనిపోయినవారికి పేరు ఇవ్వడంలో ఎవరికీ నష్టం లేదు. బతికి ఉన్నవారికి చోటు ఇవ్వడంలోనే ఉన్నవారు కాస్త జరగవలసి వస్తుంది. విగ్రహాలు, నామకరణాలు సులువుగా జరిగిపోతూ, రిజర్వేషన్లు, వాటాలు, సీట్లు అనగానే గొంతులు మారడం వెనక రహస్యం ఇదే.

ఆ విద్యార్థిని చదువు పూర్తిచేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు అందరి ముందు అడిగిన ప్రశ్నకు ఆమెకు క్షమాపణ చెప్పే ధైర్యం నాకు కలగలేదు. ఎప్పుడైనా చెప్పబోయినా, గుర్తు చేయడం మరింత గాయపరచడమేమోనని నన్ను నేను సమాధానపరచుకున్నాను. అది నా సౌకర్యం కోసం చెప్పుకున్న సమాధానమని ఇప్పుడు తెలుసు. శకుంతలకు మూసిన బడి తలుపు నా బల్ల ముందు మూసుకోలేదు, నిజమే. కానీ ఆ తలుపు మీద ఉన్న ప్రశ్ననే నేను మళ్లీ చదివాను. మన దరఖాస్తుల్లో ఆ గడి ఇంకా ఉంది. దాన్ని నింపలేనివారు తల వంచుకుంటున్నంత కాలం, ఏ భవనం మీద ఎవరి పేరు రాసినా బినోదినికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టు కాదు.